కళ్ళు ఎవరు మూసుకోవాలి

ఆ రోజు పళ్ళ డాక్టరుకు రెండే పనులు. వచ్చిన పేషెంట్లను చూసి పంపడం, ఆపైన తండ్రి కుర్చీని పాతసామాన్ల వ్యాపారికి అప్పగించడం. మర్నాటి నుంచి పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం. తండ్రి పోయాక ఆ చిన్న క్లినిక్కుకు జనం రావడం తగ్గిపోయింది. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. చదువు తండ్రికన్నా ఎక్కువే, చెయ్యీ తేలికే.

"ఆఖరి రోజైనా మీ నాన్నలాగా ప్రార్థన చేసి పన్ను ముట్టుకోరా," అంది తల్లి, కూరగాయల సంచీ భుజానికి తగిలించుకుంటూ.

"వచ్చినవాళ్ళు నవ్వుతారమ్మా."

"పన్ను నొప్పితో వచ్చినవాడు నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు," అని ఆమె వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు బడి నుంచి రాగానే పచ్చ తెర వెనక తండ్రి గొంతు వినిపించేది. "ప్రభువా, నా చెయ్యి వణకనివ్వకు, ఈయన గుండె అదరనివ్వకు." తరువాత ఎవరో "ఆమెన్" అనడం, పళ్ళెంలో పన్ను టంగుమనడం. తెర ఎత్తి చూడకూడదని ఆజ్ఞ. లవంగ నూనె వాసన, ఆ గొంతు, ఆ టంగుమన్న చప్పుడు. భక్తి అంటే అతనికి ఇప్పటికీ అవే గుర్తొస్తాయి.

వ్యాపారి ముందుగానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని, పైకీ కిందికీ ఆడించి చూశాడు.

"స్ప్రింగులు బాగానే ఉన్నాయి డాక్టరుగారూ. నా దవడే బాగాలేదు."

బుగ్గ బూరలా ఉబ్బి ఉంది. "ఎలాగూ కూర్చున్నారుగా," అని డాక్టరు మత్తు సూది వేసి, దూది పెట్టి, పటకారు తీసుకున్నాడు. పైకి ప్రార్థించడానికి మొహమాటం అడ్డొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని మనసులోనే మొదలుపెట్టాడు. చాలా రోజుల మాటలు పేరుకుని ఉండటంతో ప్రార్థన కాస్త పొడుగైంది.

తెరిచిన తన నోటి ముందు పటకారు, దాని వెనక కళ్ళు మూసుకున్న మనిషి. వ్యాపారికి కనిపించింది అంతే. ఇదేమిటని అడగబోతే మొద్దుబారిన నాలుక "ఊ" అని ఊరుకుంది. డాక్టరు కళ్ళు తెరవకుండానే, ఆగమన్నట్టు వేలు పైకెత్తాడు. ఇక పైవాడే దిక్కన్నమాట అనుకుని వ్యాపారి, మెడలో కట్టిన తువ్వాలుతోనే వసారాలోకి వచ్చి పడ్డాడు.

అక్కడ రిటైరైన పోస్టుమాస్టరూ, సోడాబుడ్డి కళ్ళద్దాల పిన్నిగారూ కూర్చుని ఉన్నారు.

"ఏమైంది బాబూ?" అంది పిన్నిగారు.

వ్యాపారి లోపలికి చూపించాడు. కళ్ళు మూసి చూపించాడు. చేతులు జోడించి, వేలు ఆకాశం వైపు ఎత్తి, వీధిన పడి పరుగెత్తాడు.

"అయ్యో, డాక్టరు పోయాడు," అంది పిన్నిగారు. "మీరెళ్ళి చూడండి."

"నాకు బీపీ. మీరెళ్ళండి," అన్నాడు పోస్టుమాస్టరు.

"నాకు చూపానదు."

ఇద్దరూ కలిసి పాస్టరుగారికి ఫోన్ చేశారు.

లోపల డాక్టరు ప్రార్థన ముగించి కళ్ళు తెరిస్తే కుర్చీ ఖాళీ. అమ్మ మాట వింటే ఇంతే అనుకుని, వెనక గదిలో పనిముట్లు ఉడకబెట్టుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి పాట వినిపించి, మాస్కుతోనే బయటికొచ్చాడు. వసారా నిండా సంఘం వాళ్ళు. పాస్టరుగారి చేతిలో పూలచక్రం. తనూ వెనక నిలబడి తల వంచుకున్నాడు.

"ఎవరు పోయారండీ?" అని పోస్టుమాస్టరు చెవిలో అడిగాడు.

"పళ్ళ డాక్టరు."

"ఆయన పోయి ఏడాదైందిగా?"

"పెద్దాయన కాదు, కుర్రాడు. మెల్లగా మాట్లాడండి."

డాక్టరు ఏదో అనబోయేలోగా పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇతని తండ్రి చేతిలో నేనూ రెండు పళ్ళు పోగొట్టుకున్నాను. ముందు నా భయాన్ని దేవుడికి చెప్పి, ఆ తరవాతే పన్ను పట్టుకునేవాడు. ఈ అబ్బాయి చెయ్యి అంతకన్నా మంచిదే, కాని..."

"మన నోట్లో ఇనుము పెడతాడు గానీ తన నోట్లోంచి మాట రాదు," అంది పిన్నిగారు ముక్కు తుడుచుకుంటూ. "భయమేసి చాలామంది మానేశారు. పాపం, మంచోడు."

అప్పుడే తల్లి కూరగాయలతో వచ్చింది. గుంపును దాటి కొడుకును చూసింది.

"నువ్విక్కడ నిలబడ్డావేంట్రా? లోపల పేషెంట్లు లేరా?"

అందరూ వెనక్కి తిరిగారు. డాక్టరు మాస్కు తీశాడు. పిన్నిగారి కళ్ళద్దాలు ఒళ్ళో పడ్డాయి.

జరిగిందంతా తేలాక డాక్టరు గొణిగాడు. "నాన్నలాగే కళ్ళు మూసుకుని ప్రార్థించానమ్మా."

"నాన్నలాగానా? మీ నాన్న పేషెంటు చేత మూయించేవాడురా, తనెప్పుడు మూశాడు? వాళ్ళు ఆమెన్ అనేలోగా పన్ను పళ్ళెంలో ఉండేది."

"అయితే అది భక్తా, కిటుకా?" అన్నాడు డాక్టరు.

పాస్టరుగారు రెండు పళ్ళ ఖాళీని నాలుకతో తడుముకున్నారు. "ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు," అన్నారు.

"మీ నాన్ననడిగితే, పన్ను వచ్చిందా లేదా అనేవాడు," అంది తల్లి.

ఇంతలో వ్యాపారి బుగ్గ పట్టుకుని తిరిగొచ్చాడు. మత్తు దిగిపోయింది, నొప్పి రెట్టింపైంది. డాక్టరు మళ్ళీ సూది వేసి, "కళ్ళు మూసుకోండి," అన్నాడు. తన కళ్ళు తెరిచే ఉంచి, "ప్రభువా, నా చెయ్యి వణకనివ్వకు," అని పైకే అన్నాడు. "ఈయన గుండె అదరనివ్వకు." వసారా మొత్తం ఆమెన్ అంది. పళ్ళెం టంగుమంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా డాక్టరు కదల్లేదు.

తెర బయట పిన్నిగారు, ముందు వచ్చింది తనేనని పోస్టుమాస్టరుతో వాదన పెట్టుకుంది. డాక్టరు పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి రాలేనని చెప్పాడు. పూలచక్రాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పాస్టరుగారు కుర్చీకే తగిలించారు.

కుర్చీ పట్టుకుపోదామని వచ్చిన వ్యాపారి, కాగితంలో చుట్టిన పన్ను ఒక్కటి పట్టుకుపోయాడు.