తొమ్మిదో చెక్క మహిమ

వీడియో గేముల్లో దాటలేని లెవెల్ పెట్టినవాడికి ఊరూరా సన్మానం చెయ్యాలి! నవ్వకండి. జగ్గయ్యపేటలో ఇరవయ్యేళ్లుగా ఇనుము కొట్టు నడుపుతున్న మనిషిని, ఊరికే నోరు జారేవాణ్ని కాను.

మా అమ్మాయి యామిని ఇంటర్ చదువు కోసమని ఈ ఏడాది, అంటే రెండువేల మూడులో, కంప్యూటర్ కొన్నాం. చదువు సంగతి తర్వాత, ముందు గేమ్ సీడీ వచ్చింది. కథేమిటంటే, మంచు కురిసే ఊళ్లో ఒక ముసలి పోస్ట్‌మాన్. పాతికేళ్ల కిందట తన సంచీ అడుగున ఇరుక్కుపోయిన ఉత్తరం ఇప్పుడు బయటపడుతుంది. ఒక తండ్రి కూతురికి రాసింది. దాన్ని ఆమెకు చేర్చాలి. ఆమె విప్పి చదివేదాకా అందులో ఏముందో మనకీ తెలియదు. ఎంత చక్కని కథండీ! ఆరో లెవెల్ అయ్యేసరికి రెండుసార్లు కళ్లొత్తుకున్నాను.

ఇక ఆఖరిది, ఏడో లెవెల్. వాగు మీద కదిలే చెక్కలు పదకొండు. ఒక్కోదాని మీదికీ గెంతాలి. తొమ్మిదో చెక్క మీద కాలు పెట్టబోతే చాలు, అది పక్కకి తప్పుకుంటుంది. పడితే మళ్లీ లెవెల్ మొదటికే, పోస్ట్‌మాన్‌ని వీధి కుక్క తరిమే కాడికి! రిటైరయ్యే వయసులో పోస్ట్‌మాన్ చేత ఈ కోతిగంతులేమిటి? కథ రాసినాయనకీ, చెక్కలు పరిచినాయనకీ మాటల్లేవని నా అనుమానం.

అయినా ఎంత మేలు జరిగిందో చూడండి! ఒకప్పుడు కొన్న మేకులు వెనక్కి తెచ్చినవాడి మీద ఇంతెత్తున లేచేవాణ్ని. ఇప్పుడు "పర్లేదండీ, మళ్లీ మొదట్నించీ చూద్దాం" అంటున్నాను. ఎనిమిదో చెక్క మీద ఉండగా కరెంటు పోతే వీధంతా తిట్టుకుంటుంది. నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆ పూటకి పడకుండా తప్పిందిగా!

ఉపాయం తెలుసుకుందామని బస్సెక్కి నందిగామ వెళ్లాను. అక్కడ ఇంటర్నెట్ సెంటర్ నడిపే భవానీప్రసాద్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "తొమ్మిదో చెక్కాండీ? నేనూ ఆడనే ఆగిపోయా. కూర్చోండి, టీ చెప్తా" అన్నాడు. గంటసేపు కష్టసుఖాలు చెప్పుకున్నాం. వియ్యంకులు కూడా అంత ఆప్యాయంగా మాట్లాడుకోరు. లెవెల్ తేలికగా ఉంటే నాకీ స్నేహం దొరికేదా?

ఇంతలో మా మేనత్త నాగేంద్రమ్మ కంటి ఆపరేషన్ కోసం వత్సవాయి నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. పదిరోజులు టీవీ చూడొద్దన్నారు. యామిని తెర మీది ఇంగ్లీషు చదివి తెలుగులో కథ చెబుతుంటే, నల్ల కళ్లద్దాలతో కూర్చుని వినేది.

"ఒరే కృష్ణా, ఆ ఉత్తరంలో ఏముందో వినకుండా నేను బస్సెక్కనురా!" అంది.

నేను అభయమిచ్చాను. "ఒకసారి నేను ఆడనా నాన్నా?" అని యామిని అడిగితే, "నీవల్ల కాదమ్మా, దీనికి అనుభవం కావాలి" అన్నాను. ఆ అనుభవంతో రోజూ వాగులో పడ్డాను.

పదిరోజులూ అయ్యాయి. అత్తయ్య కిమ్మనకుండా బయల్దేరింది. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. బస్టాండులో నాకే ఉండబట్టలేక, "కథ పూర్తిగా వినిపించలేకపోయాను, ఏమనుకోకత్తా" అన్నాను.

"అయ్యో, ఇన్నాగదరా! బుధవారం నువ్వు కొట్టుకెళ్లినాక యామిని దాటించేసింది. నేనూ నీ పెళ్లామూ ఒకటే ఏడుపు. ఆపరేషన్ కన్ను పాడైద్దేమోనని భయమేసిందనుకో! నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలా."

"సేవ్ చేసి పెట్టా నాన్నా, ఇంటికెళ్లగానే చూపించనా?" అంది యామిని.

తలూపితే పోయేది! నేనేమన్నానో తెలుసా? పదిమందికీ వినపడేట్టు గొంతు పెంచి, "అక్కర్లేదు! కష్టపడకుండా వచ్చే ముగింపు నాకెందుకు?" అన్నాను. మా ఆవిడ ప్రమీలారాణి నా వైపు ఒక చూపు చూసి, అత్తయ్యని బస్సెక్కించింది.

ఇది జరిగి నెలన్నర. వంటింట్లో తల్లీకూతుళ్లు ఆ ఉత్తరం గురించే మాట్లాడుకుంటారు. నేను గడపలో కాలు పెట్టగానే పప్పులో ఉప్పు సంగతి ఎత్తుతారు. నాకు నిజంగా ఏడుపొస్తోందండీ. ఓర్పూ వద్దు, గీర్పూ వద్దు! ఆ తండ్రి తన కూతురికి ఏం రాశాడో తెలిస్తే చాలు.

అడుగుదామంటే నోరు పెగలడం లేదు. అందుకే ఇది రాసి పంపుతున్నాను. ఆదివారం పేపర్లో ఈ పేజీ మా అమ్మాయి తప్పకుండా చదువుతుంది. యామినీ, ఇంకొక్కసారి అడుగమ్మా. ఈసారి వద్దనను.