ఎనిమిదో రీలు దాకా

గురువారం కామారెడ్డిల చేయవలసిన పనులు:
స్టేషను గోదాముల దిగిన గ్యాసునూనె డబ్బాలు విడిపించాలె.
బెల్లం చూసి తేవాలె. కిందిసారి లెక్క చీమలు పట్టింది వద్దు.
దుకాణం తలుపుకు కొత్త తాళం.
ఇంట్ల అమ్మకు కండ్ల మందు.
సాయంత్రం బస్సు తప్పొద్దు.

ఎల్లారెడ్డిలో కిరాణా దుకాణం నడిపే దేవయ్య సేటు ఈ చిట్టీ రాసి, తెల్లవారగానే గుమాస్తా సిద్దిరాములు చేతిలో పెట్టాడు. సిద్దిరాములు దాన్ని రెండుసార్లు చదివాడు. అడుగున పెన్సిలుతో, వేరే చేతిరాతతో ఇంకో పని కనపడింది: "అత్తాకోడళ్లకు పనికొచ్చే బొమ్మ ఉన్నదేమో చూడాలె."

అది సేటు కొడుకు హన్మంతు రాసింది. అతను బియ్యం బస్తాల వెనక నిలబడి సైగ చేశాడు.

"అన్నా, జెర్ర ఇటు రా. బాపుకు వినపడొద్దు."

"ఏంది హన్మంతూ, నీకు బొమ్మల పిచ్చి ఎప్పటిసంది?"

"పిచ్చి కాదన్నా, తిప్పలు. తార బతుకమ్మకని పుట్టింటికి పోయింది. దీపావళి దాటింది. ఇంకా రాలే."

సంగతి సిద్దిరాములుకు తెలిసిందే, ఊరందరికీ తెలిసిందే. హన్మంతు తల్లి అనసూయమ్మ ఒకనాడు కోడలు చేసిన బియ్యప్పిండి రొట్టెను చుట్టాల ముందు విరిచి, "లింగంపేటోళ్లకు సర్వపిండి ఒత్తుడు రాదు," అంది. కోడలు తారది లింగంపేట. మాట తనను అంటే ఊరుకునేదేమో, ఊరినంతా అనేసరికి మూతి ముడుచుకుని పోయింది. అత్త వచ్చి పిలిస్తే వస్తానని కోడలు కూర్చుంది. పోయినామె తానే రావాలని అత్త కూర్చుంది.

"వచ్చే అమావాస్య దాటితే మా మామ పిల్లను పంపనంటున్నడు," అన్నాడు హన్మంతు. "అమ్మ లింగంపేట పోదు. తార ఎల్లారెడ్డి రాదు. కామారెడ్డికైతే ఇద్దరూ వస్తరు. బొమ్మ చూస్తందుకు వస్తే ఎవలూ ఎవలి గడప తొక్కినట్టు కాదు గదా. నువ్వే మంచి బొమ్మ చెప్పాలె."

సిద్దిరాములు ఛాతీ కొంచెం విశాలమైంది. ఎందుకంటే ఎల్లారెడ్డిలో సినిమా బొమ్మల విషయంలో ఆయన మాటే మాట. కామారెడ్డి రైలుకట్ట పక్కన ఒక బియ్యం గోదాములో తెర కట్టి టాకీ ఆడిస్తున్నారు. వారం వారం సరుకు కోసం పోయే సిద్దిరాములు, కిరసనాయిలు డబ్బాలు బస్సు దగ్గర దింపించి మధ్యాహ్నం ఆటకు పోయేవాడు. తిరిగొచ్చి రెండే మాటల్లో తీర్పు చెప్పేవాడు: "చూడొచ్చు," లేదా "దండుగ." చూడొచ్చంటే జనం సద్దులు కట్టుకుని పోయేవారు. దండుగ అంటే ఇంట్లోనే ఉండేవారు.

ఈ తీర్పుల వెనక ఒక చిన్న లోపం ఉంది. టాకీ వాళ్ల దగ్గర మిషను ఒక్కటే. ఒక రీలు అయిపోగానే లైట్లు వేసి, ఇంకో రీలు ఎక్కించి, లైట్లు తీసేవారు. రెండింటికి మొదలైన ఆట పొద్దుగూకే దాకా సాగేది. ఎల్లారెడ్డి బస్సు మాత్రం నాలుగున్నరకు పోయేది. ఎనిమిదో రీలు దగ్గర బస్సు హారన్ మోగేది, సిద్దిరాములు లేచేవాడు. ఆయన పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్క బొమ్మ ఆఖరు కూడా చూడలేదు.

ఇది ఆయన అబద్ధమనుకోలేదు. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు, అంతే. ఆయన మంచిదన్న బొమ్మకు పోయిన ఆడవాళ్లు కండ్లు వాచి తిరిగొచ్చినా, ఏడ్పించిన బొమ్మే గొప్ప బొమ్మ అనుకునే కాలం కాబట్టి పేరు చెడలేదు. దండుగన్న బొమ్మకు ఎవరూ పోరు కాబట్టి అది తప్పని తేలే దారే లేదు.

ఆ గురువారం గోదాములో కొత్త బొమ్మ పడింది. దేవుడే హన్మంతు కోసం పంపినట్టుంది. తెర మీద అత్త కోడలికి తల దువ్వుతోంది. కోడలు అత్తకు కాళ్లు ఒత్తుతోంది. ఇద్దరూ ఒకే కంచంలో తిని, ఒకే ఉయ్యాల ఊగి, ఒకే పాట పాడారు. ఏడో రీలులో కోడలు నీళ్లోసుకున్నదని తెలిసి అత్త ఊరంతా శక్కరి పంచింది. ఎనిమిదో రీలు అయిపోతుండగా హారన్ మోగింది. సిద్దిరాములు కండ్లు తుడుచుకుంటూ ఉరికాడు.

"ఎట్లున్నదన్నా?" దుకాణం ముందు బస్సు ఆగకముందే అడిగాడు హన్మంతు.

"కండ్లు మూసుకుని చూడొచ్చు!"

"కండ్లు మూసుకుంటే ఏం కనపడతదిరా?" అన్నాడు లోపలి నుంచి దేవయ్య సేటు. ఆయనకు బెల్లం ఒక్కటే ముఖ్యం.

హన్మంతు లింగంపేటకు కబురు పంపి, తల్లికి ఆ బొమ్మ సంగతి చెప్పాడు. అనసూయమ్మ, "గసొంటి అత్తలు గూడ ఉంటరా? సూడాలె," అంది. ఈ మాట గోడవతలి భూమక్క విన్నది. భూమక్కకూ ఆమె కోడలికీ ఏనాడూ పేచీ లేదు, అయినా విన్నాక ఆగలేకపోయింది. ఆమె నీళ్ల బావి దగ్గర చెప్పింది. బావి దగ్గర చెప్పిన తర్వాత ఇంక ఊరికి వేరే చాటింపు అక్కరలేదు. కోడలితో పడని ప్రతి అత్తా, అత్తతో పడని ప్రతి కోడలూ, "ఆమెకు బుద్ధొస్తది, తోల్కపోండ్రి," అని ఇంట్లో మగవాళ్ల మీద పడ్డారు. ఎవరికి వారు రెండో మనిషికే బుద్ధి రావాలనుకున్నారు.

మళ్లీ గురువారం పొద్దున సిద్దిరాములు వచ్చేసరికి బస్సులో సందు లేదు. ఒక వరుస నిండా అత్తలు, ఎదురు వరుస నిండా కోడళ్లు. డ్రైవరు రాజన్న స్టీరింగు పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"సిద్దిరాములూ, ఇది బస్సా, పంచాయితా?"

"మాట్లాడక నడుపు రాజన్నా. మంచి పనికి పోతున్నం."

లింగంపేటలో తార ఎక్కింది. చేతిలో ఒక గిన్నె, దాని మీద గట్టిగా కట్టిన గుడ్డ. అత్త వైపు చూడలేదు. అనసూయమ్మ కిటికీలోంచి మక్క చేన్లను చూసింది. చేన్లు అయిపోయిన తర్వాత కూడా అటే చూసింది.

"ఆ గిన్నెల ఏమున్నది?" అని హన్మంతు భార్యను మెల్లగా అడిగాడు.

"సర్వపిండి," అంది తార, బస్సంతా వినపడేటట్టు. "లింగంపేటోళ్లు ఒత్తింది."

సిద్దిరాములు ధైర్యంగానే ఉన్నాడు. తెర మీద ఆ ఉయ్యాల పాట వస్తే చాలు, రెండు వరుసలూ ఒకటవుతాయని ఆయన నమ్మకం. గోదాములో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్య దుప్పటి కట్టారు. సిద్దిరాములు తార అత్త పక్కనే ఉండేటట్టు అందరినీ కూర్చోబెట్టి, మిషను నడిపే స్వామిదాసును పలకరించడానికి పోయాడు. స్వామిదాసుకు ఈయన వారం వారం సీతాఫలాలు తెచ్చి పెట్టేవాడు.

"వచ్చినవా తమ్మీ! ఇయ్యాలన్న ఆఖరు దాక ఉంటవా?"

"ఇయ్యాల బస్సంత లోపల్నే ఉన్నది దాసన్నా. అయినా ఆఖరుకు ఏముంటది, ఇద్దరు గట్లనే మంచిగుంటరు గద?"

స్వామిదాసు రీలు చుట్టడం ఆపాడు. "మంచిగనా? తొమ్మిదో రీలుల అత్త కోడలుకు పాలల్ల విషం కలుపుతది."

"ఏ అత్త?"

"ఎంత మంది అత్తలున్నరు? ఆమెనే. పదకొండుల కడుపుతోని ఉన్న పిల్లను వానల వెళ్లగొడ్తది. ఆ తర్వాత అంత ఏడుపే."

సిద్దిరాములు తాను తెచ్చిన సీతాఫలాల గంప మీదనే కూలబడ్డాడు. లోపల తొమ్మిది జంటలున్నాయి. అందులో ఒక జంటకు అమావాస్య దాకే గడువు.

"దాసన్నా, నీ కాళ్లు మొక్కుత. ఎనిమిదోది కాంగనే రీలు తెగిందని చెప్పు."

"మాలికు నన్ను తెంపుతడు."

"ఒక్క పావుగంట ఆపు. అంతల నేను వీళ్లను బస్సు ఎక్కిస్త."

పండ్లు తిన్న మొహమాటం గట్టిది. ఎనిమిదో రీలు అయిపోయాక లైట్లు వెలిగి, వెలుగుతూనే ఉన్నాయి. సిద్దిరాములు తెర ముందుకొచ్చి రెండు చేతులూ ఎత్తాడు.

"అమ్మలారా, బొమ్మ అయిపోయింది! అందరు సల్లగున్నరు! లేవుండ్రి, బస్సు పోతది!"

ఎవరూ లేవలేదు.

"ఎట్ల అయిపోతదిరా?" అంది భూమక్క. "పిల్ల ఇంకా కననే లేదు. మగపిల్లగాడో ఆడపిల్లనో తెలియకుండ ఎట్ల పోవాలె?"

"అది వాళ్లు ఇంటికాడ కంటరు, మీరు లేవుండ్రి..."

"నిరుడు నేను చూసిన బొమ్మల పెండ్లి అయినంక గూడ రెండు గంటలు ఏడ్సిన్రు. నువ్వు గిప్పుడే అయిపోయిందంటున్నవ్. నువ్వు ఎప్పుడు గీడ్నే లేస్తవా ఏంది?"

దుప్పటి అవతలి నుంచి రాజన్న గొంతు, ఏ దురుద్దేశమూ లేకుండా, పలికింది. "ఔను గద! ప్రతి గురువారం నేను హారన్ కొట్టంగనే ఉరికొస్తడు. ఒక్కనాడు గూడ తప్పలే."

ఇన్నేండ్ల తీర్పులు ఒక్కొక్కటే అందరికీ గుర్తొస్తున్నాయి.

"అంటే అన్నా," అన్నాడు హన్మంతు, దుప్పటి పక్కకు జరిపి, "మిగిలిన సగంల ఏమున్నదో నీకు తెలవదా?"

సిద్దిరాములు జీవితంలో మొదటిసారి పూర్తి నిజం చెప్పాడు. "ఇప్పుడే తెలిసింది హన్మంతూ. అందుకే లేవుమంటున్న."

ఆ మాటతో లేవబోయిన ఒకరిద్దరు కూడా కూర్చున్నారు. "ఆడించు!" అని అరిచారు. "హారన్ కొట్టు రాజన్నా!" అని సిద్దిరాములు బతిమాలాడు. "ఎవలకు కొట్టాలె? అందరు గీడ్నే ఉన్నరు," అని రాజన్న చాప మీద ఇంకొంచెం సర్దుకున్నాడు. స్వామిదాసు లైట్లు తీశాడు. సిద్దిరాములు బయటికి పోయి, కరెంటు ఇచ్చే ఆయిలు ఇంజను పక్కన కూర్చున్నాడు. దాని చప్పుడులో లోపలి ఏడుపులు వినపడవని ఆయన ఆశ.

లోపల తొమ్మిదో రీలులో తెల్లటి గ్లాసు కనపడింది. అత్త కొంగు చాటు నుంచి పొట్లం తీసింది. తార వెనక కూర్చున్న కామారెడ్డి ఆమె ఒకతె ముందుకు వంగి అంది:

"అత్తలందరు గంతే బిడ్డా. ఇగో, నీ పక్కకున్న ముసలామెను చూడరాదు. మొహం అచ్చం గట్లనే ఉన్నది."

తార గిర్రున తిరిగింది. "ఎవల్ని అంటున్నవ్ అక్కా? మా అత్తనా? మా అత్త నోరు చెడ్డది, నేను గాదన. నాకు జరమొస్తే మూడు దినాలు నా మంచం పట్టె మీదనే కూసున్నది. పాలు తాపింది. గవి పాలే!"

దుప్పటి అవతల హన్మంతు కదలకుండా విన్నాడు. చీకట్లో అనసూయమ్మ మొహం ఎవరికీ కనపడలేదు.

పదకొండో రీలులో వాన మొదలైంది. అత్త కోడలి రెక్క పట్టి గడప దాటించింది. అప్పుడు అనసూయమ్మ లేచింది. జనాన్ని తోసుకుంటూ తెర దగ్గరికి పోయింది. వెలుగుకు అడ్డం పడి ఆమె నీడ తెర నిండా పరుచుకుంది. ఎత్తిన చెయ్యి సరిగ్గా ఆ అత్తకూ కోడలికీ మధ్య నిలిచింది.

"నీ చెయ్యి పడిపోను! నీళ్లోసుకున్న పిల్లను వానల వెళ్లగొడ్తవానే? ఆ పిల్లకు సర్వపిండి ఒత్తుడు రాకపోతే ఏమాయె? పక్కన కూసొని నేర్పియ్యరాదా?"

బొమ్మలో సర్వపిండి ఎక్కడా లేదు. అది ఎల్లారెడ్డి వాళ్లందరికీ ఒకేసారి అర్థమైంది. మొదట భూమక్క నవ్వింది, తర్వాత దుప్పటికి రెండువైపులా నవ్వారు. తెర మీద మాత్రం వాన పడుతూనే ఉంది. తార నవ్వుతూ ఏడుస్తూ పోయి అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, రా, కూసో. అందరు చూస్తున్నరు."

"చూడనీ. ఆ గిన్నె ఇటు తే, ఆకలైతున్నది."

అత్త ఒక ముక్క విరిచి, నమిలి, చాలాసేపు ఆలోచించింది. "ఉప్పు తక్కువైంది," అంది. ఇంకో ముక్క తీసుకుంది.

పొద్దుగూకుతుండగా బస్సు బయలుదేరింది. లోపల వరుసలు కలిసిపోయాయి. ఎవరు అత్తో ఎవరు కోడలో కొంగులు చూసి చెప్పలేం. భూమక్కా ఆమె కోడలూ మాత్రం తెర మీద తప్పు ఎవరిదో తేల్చుకోలేక మొదటిసారి పోట్లాడుకుని, మూడు రోజులు మాట్లాడుకోలేదు. సిద్దిరాములు మొహం చెల్లక, లోపలికి రాలేక టాపు మీద గ్యాసునూనె డబ్బాల మధ్య కూర్చున్నాడు.

లింగంపేటలో రాజన్న బస్సు ఆపాడు. ఎవరూ కదలలేదు.

"ఎందుకాపినవ్?" అంది అనసూయమ్మ. "ఈడ ఎవలు దిగాలె? నడువు."

టాపు మీది నుంచి సిద్దిరాములు ఆ మాట విన్నాడు. కిటికీలోకి తల వంచి, "అమ్మా, ఇంతకు ఆఖరుకు ఏమైంది?" అని అడిగాడు.

"అత్త సచ్చింది," అంది అనసూయమ్మ. "సావలే, మారింది," అంది తార. "నేను పన్నెండో రీలులనే పడుకున్న," అన్నాడు రాజన్న. మిగతావాళ్లు తలా ఒకటి చెప్పారు. నిజానికి అనసూయమ్మ లేచిన తర్వాత తెరను ఎవరూ సరిగ్గా చూడలేదు.

ఆ తర్వాతి గురువారం చిట్టీలో బెల్లం తర్వాత దేవయ్య సేటు ఇట్లా రాశాడు: "బొమ్మ ఆఖరు దాక చూడాలె. సాయంత్రం బస్సు తప్పినా మంచిదే, తెల్లారి రావచ్చు." సిద్దిరాములు ఆ చిట్టీని జేబులో కాదు, టోపీలో పెట్టుకుని పోయాడు. కానీ అప్పటికే గోదాములో కొత్త బొమ్మ వేశారు. అది పూర్తిగా చూశాడు, "చూడొచ్చు" అన్నాడు, ఈసారి నిజంగానే చూడొచ్చు. పాతది రైలెక్కి ఎటో పోయింది.

ఒకవేళ అది మీ ఊరికి వస్తే, ఎనిమిదో రీలు దగ్గర లేవకండి. ఎల్లారెడ్డిలో దేవయ్య సేటు దుకాణంలో సిద్దిరాములు అనే మనిషి ఒకడున్నాడని గుర్తుంచుకుని, ఆఖరున ఏమైందో ఆయనకు ఒక కార్డు ముక్క రాయండి.