ఆకలి బదిలీ ఉత్తర్వు

వేసవి సెలవులకు పన్నెండు రోజుల ముందు, చినకొత్తపాలెం హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న హేమశ్రీ ఆకలి ఆమె కడుపులోంచి ఆమె తిండి రిజిస్టరులోకి బదిలీ అయింది. మధ్యాహ్నం రెండో బెల్లుకు కాస్త ముందు ఇది జరిగింది. నొప్పేమీ లేదు. వ్యాయామం మాస్టారు దావీదు చేరిక పత్రం మీద సంతకం చేశాడు. హేమశ్రీ క్లాసుకు వెళ్లి లెక్కలు చేసుకుంది.

రిజిస్టర్లు ఆ ఏడాదే వచ్చాయి. ఏం తింటున్నారో రాసుకుంటే పిల్లలకు మంచి తిండి అలవాటవుతుందని పైఆఫీసు వాళ్లు అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. అరవై నాలుగు పేజీలు, పేజీకి ఐదు గళ్లు. తేదీ, వేళ, పదార్థం, గ్రాములు, సంతకం. గరిటెకు ఎన్ని గ్రాములో చెప్పే పట్టిక వెనక అట్ట మీద ఉంది. మిగతా పిల్లలు శనివారం సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర కూర్చుని వారం మొత్తానిదీ ఒకేసారి రాసేవాళ్లు. ఒకరిది చూసి ఒకరు రాయడం వల్ల ఒక గురువారం తరగతిలో ముప్ఫై ఎనిమిది మందీ కాకరకాయ కూర తిన్నట్టు నమోదైంది.

హేమశ్రీ అలా కాదు. ఆమె తినేముందు రాసేది, తింటూ సరిచూసేది, తిన్నాక స్కేలు పెట్టి కింద గీత గీసేది. వేయించిన శనక్కాయలు నాలుగు నోట్లో వేసుకుంటే నాలుగూ రాసేది. ఐదోది పుచ్చుదైతే, ఉమ్మేసినట్టు కూడా రాసేది. పని ఎక్కడ ఎక్కువుంటే ఉద్యోగిని అక్కడికి పంపడం ఎక్కడైనా ఉన్నదే. ఆమె కడుపులో కన్నా రిజిస్టరులో పని ఎక్కువుందని తేలింది కాబట్టి ఆకలిని అక్కడికి పంపారు.

బదిలీ తర్వాత కొన్ని పనులు సులువయ్యాయి. ఆకలేస్తోందా అని ఎవరైనా అడిగితే హేమశ్రీ సంచీలోంచి రిజిస్టరు తీసి చూసి చెప్పేది. రిజిస్టరుకు ఆకలేస్తే పేజీల అంచులు టపటపలాడేవి. అయితే దానికి వాసన తెలియదు. పొరుగింట్లో తాలింపు పెట్టినా, బడిలో గుడ్లు ఉడికినా కదిలేది కాదు. దానికి తెలిసింది మొత్తాలు మాత్రమే. ముందురోజు మొత్తం మూడు గ్రాములు ఎక్కువైతే మర్నాడు పొద్దున దానికి ఆకలుండేది కాదు. తక్కువైతే, తక్కువతో సరిపోయిందిగా అని ఆ తక్కువనే ఖాయం చేసుకునేది.

రిజిస్టరు లావెక్కింది. మొదట రబ్బరుబ్యాండు సరిపోయేది, తర్వాత పురికొస కట్టాల్సి వచ్చింది. హేమశ్రీ లంగా నడుముకు ఒక పిన్నీసు, తర్వాత రెండో పిన్నీసు వచ్చాయి. మేనమామ కూతురి ఓణీల ఫంక్షనుకు వెళ్తే, పిల్ల సన్నబడి ఎంత బాగుందో అని చుట్టాలంతా అన్నారు. ఏం తింటున్నావే అని అడిగారు. హేమశ్రీ సిగ్గుపడి రిజిస్టరు చూపించింది. ఇద్దరు తల్లులు తమ కూతుళ్ల కోసం అలాంటిదే గీయించుకున్నారు. బడిలో ఉత్తమ రిజిస్టరు బహుమతి కూడా ఆమెకే వచ్చింది. స్టీలు టిఫిన్ బాక్సు. ఆమె దాన్లో పెన్నులు, స్కేలు పెట్టుకుంది.

తేడా పట్టుకుంది నాయనమ్మ ఆదెమ్మ ఒక్కతే. ఆ ఇంట్లో ఎవరూ ఎంత కావాలని అడగరు. వడ్డిస్తారు, మళ్లీ గరిటె పట్టుకొచ్చి మారు అడుగుతారు. తినేవాళ్లు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి చాలంటారు. అయినా వేళ్ల సందుల్లోంచి ఇంత పడుతుంది. ముద్దలు లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆదెమ్మ నమ్మకం. డెబ్బై ఒక్క ఏళ్లలో ఆమె ఎవరి ముద్దలూ లెక్కపెట్టలేదు.

ఒకరోజు గోంగూర పప్పు. ఆదెమ్మ మారు పట్టుకొచ్చింది. హేమశ్రీ చెయ్యి అడ్డం పెట్టలేదు, చాలనీ అనలేదు. రిజిస్టరు తిరగేసింది.

"మారుకు గడి లేదు నాయనమ్మా," అంది.

"గడేందే?"

"రాసుకోడానికి. పదార్థం ఒక్కసారే రాయాల."

"రాయకుండా తిను. నీ చేతిలో పెన్నుంటే నోరు పన్జెయ్యదా?"

హేమశ్రీ పెద్దవాళ్ల మాట వినే పిల్ల. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముద్ద గొంతుదాకా వెళ్లి, కాగితాలు లేకుండా ఆఫీసుకొచ్చిన మనిషిలా అక్కడే నిలబడింది. ఎంత మింగినా దిగలేదు. చివరకు పేజీ అంచున చిన్న అక్షరాలతో రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాక దిగింది.

మర్నాడు ఆదెమ్మ బస్సెక్కి మండల ఆఫీసుకు వెళ్లింది. ఆకలి బదిలీలు చూసే గుమాస్తా ఆమెను కూర్చోమని, మంచినీళ్లిచ్చి, నిబంధన చదివి వినిపించాడు. బదిలీ అయిన ఆకలి వెనక్కి రావాలంటే ఆకలే స్వయంగా అర్జీ పెట్టుకోవాలి.

"అది పుస్తకంలో ఉంది గదయ్యా."

"అందుకే పుస్తకం ద్వారా పంపించాలమ్మా."

"పుస్తకం ఎందుకు పంపిస్తది? దానికి బాగానే ఉంది."

గుమాస్తా ఒప్పుకున్నాడు. ఇంతవరకు ఏ పుస్తకమూ పంపలేదని చెప్పాడు. ఇంకొక్క దారి ఉంది. బదిలీ అయిన ముప్ఫై రోజుల్లోపు, పిల్ల రిజిస్టరు చూడకుండా, సాక్షి ముందు తనంతట తాను ఆకలేస్తోందని అనాలి. గడువు దాటితే కడుపులో ఆ పోస్టు రద్దవుతుంది.

"కడుపు రద్దు చేస్తారా?"

"కడుపు ఉంటదమ్మా. పోస్టు ఉండదు."

ఆదెమ్మ తొందరపడలేదు. ముప్ఫయ్యో రోజునే ఆవకాయ కలపాలని ముహూర్తం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆవకాయ జాడీకెత్తాక, పళ్లెం అంచుల్ని అంటుకున్న కారం, ఆవపిండి, నూనెలో వేడి అన్నం వేసి కలిపి, ఇంట్లో వాళ్లకూ వాకిట్లో ఉన్నవాళ్లకూ అరచేతిలో ముద్ద పెడతారు. దానికి కంచం ఉండదు. కిందటేడు హేమశ్రీ ఎన్ని తిన్నదో ఎవరికీ తెలియదు. చివర్లో పళ్లెం ఎత్తి నాకింది, ముక్కు కొస ఎర్రబడింది, నూనె మోచేతిదాకా కారింది. ఆ ముద్ద ముందు ఏ పుస్తకమూ నిలవదని ఆదెమ్మ ధైర్యం.

దావీదు మాస్టారు సాక్షిగా ఫారం పట్టుకుని పదిన్నరకు మోటారుసైకిలు మీద వచ్చాడు. నిబంధన ప్రకారం రిజిస్టరును పది బారల దూరంలో, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. లోపల అది టపటపలాడుతూనే ఉంది. వీధి పిల్లలు ముగ్గురు, సెలవులైనా బడి సంచీలు తగిలించుకుని వచ్చి వరసలో నిలబడ్డారు.

ఆదెమ్మ కలిపింది. పొగలు లేచాయి. దావీదు మాస్టారు రెండుసార్లు గుటక వేశాడు. హేమశ్రీ కుడి చెయ్యి చాపింది. ముద్ద అరచేతిలో పడగానే ఆమె పెదవి చివర తడి మెరిసింది.

"సారూ, చూడు. నీళ్లూరినాయి," అంది ఆదెమ్మ.

మాస్టారు ఫారం తిరగేశాడు. "అది నోటి కిందికి వస్తదమ్మా. ఇది కడుపు ఫారం."

హేమశ్రీ ముద్ద వైపు చూసింది. నోరు తెరిచింది. మాట గొంతుదాకా వచ్చింది. అందరికీ కనపడింది. పెట్టెలో చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగింది. ఆదెమ్మ చేతిలోని అన్నం పిండుతున్నట్టు పట్టుకుని నిలబడింది.

"ఇది ఎన్ని గ్రాములుంటది నాయనమ్మా?" అంది హేమశ్రీ.

ఆదెమ్మ చేతిలోని అన్నం పళ్లెంలో వదిలింది. తర్వాత తన ఎర్రటి అరచెయ్యి చూపించింది. "ఇంత," అంది.

ఇంత అనేది కొలత కాదు. దావీదు మాస్టారు ఆ విషయం ఎంతో మెల్లగా చెప్పి, బదిలీ ఖాయమైనట్టు రాసి సంతకం చేశాడు. ఆదెమ్మ ఆయనకు కూడా ముద్ద పెట్టబోయింది. తన తిండి లెక్క ఆ పూటకు ఎనిమిదింటికే నిండిపోయిందని ఆయన ఫోను తీసి చూపించాడు. వీధి పిల్లలు సంచీల్లోంచి రిజిస్టర్లు తీశారు. రోజూ రాసేవాళ్లు కాకపోయినా, సారు ఎదురుగా ఉన్నాడు. సుమారుగా రాయకూడదని నియమం, అరచేతి ముద్ద పట్టికలో లేదు, ఇంట్లో కాటా లేదు. హేమశ్రీ ముద్దను విరగకుండా జాగ్రత్తగా పళ్లెంలో పెట్టి, సబ్బుతో చెయ్యి కడుక్కుంది. ముగ్గురు పిల్లలూ తమకు పెట్టినవి అలాగే పెట్టి కడుక్కున్నారు.

వాకిలి ఖాళీ అయింది. ఆదెమ్మ పళ్లెం ముందు కూర్చుని మిగిలిన అన్నం కూడా ముద్దలు చేసింది. వాటి వైపు చూస్తూ, ఎవరూ అడగకుండానే, వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది.

మర్నాడు పొద్దున కోడలు ఆమె ముందు చద్దన్నం గిన్నె పెట్టింది. ఆదెమ్మ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత ఉంటది అమ్మాయ్, ఇది?" అని అడిగింది.