పెదబాబు వయసు ఏడాదిన్నర

ఒక పెద్ద అడవిలో క్రీడాశాఖ ఉండేది గానీ క్రీడలు ఉండేవి కావు. ఆ శాఖకి కార్యదర్శి నక్క గవరయ్య. జన్మలో బంతిని తన్నిన పాపాన పోలేదు. అయినా మెడలో ఈల వేలాడేసుకునే తిరిగేవాడు.

ఆ అడవిని పూర్వం ఎక్కణ్ణించో ఎగిరొచ్చిన హంసలు నూరేళ్లు ఏలాయి. పోతూ పోతూ పళ్లన్నీ పట్టుకుపోయి, భాష మాత్రం వదిలేసి పోయాయి. అలా హంసభాష మిగిలిన అడవులు పన్నెండు. రెండేళ్లకోసారి ఆ పన్నెండు అడవుల పిల్లలకీ హంసల సరస్సు దగ్గర ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. రెండేళ్లు నిండనివాళ్లే ఆడాలి. కాగితాలన్నీ హంసభాషలోనే ఉంటాయి.

గవరయ్యకి ఆ భాష కొట్టిన పిండని అడవంతా నమ్మకం. నిజానికి ఆయనకి వచ్చింది ఒకే ఒక్క మాట. "క్లూం." అంటే "అవును" అని. ఆ మాటతోనే పదేళ్లు ఉద్యోగం వెళ్లదీశాడు.

ఈసారి జట్టుని తయారు చేసింది దుప్పి అచ్చియ్యమ్మ. ఏడాదిపాటు వాగు ఇసకలో పిల్లల్ని పరిగెత్తించింది. అందరిలోకీ కుందేలు పిల్ల బుల్లెమ్మ చురుకు. అది బంతి అందుకుందంటే ఎదుటివాళ్లకి దుమ్మే మిగిలేది.

ప్రయాణం వారంలో ఉందనగా రాజుగారు, అంటే సింహం, గవరయ్యని పిలిపించాడు.

"మా బావమరిది పెదబాబు పరదేశం చూడలేదటయ్యా. మీ రాణిగారు నా ప్రాణం తోడేస్తోంది."

"అధికారుల్లో చోటు లేదు ప్రభూ. ఇప్పటికే నలభై మందిమి వెళ్తున్నాం," అన్నాడు గవరయ్య. "ఆటగాళ్లలో అయితే ఒకటి ఖాళీ చేయించొచ్చు."

పెదబాబుకి తొమ్మిదేళ్లు. ముగ్గురు పిల్లల తండ్రి. గవరయ్య అతని జూలు నున్నగా గొరిగించి, ముళ్లపంది గుమాస్తా చేత ఏడాదిన్నర వయసని జనన పత్రం రాయించాడు.

"మరి మా బుల్లెమ్మో?" అంది అచ్చియ్యమ్మ.

"చిన్నపిల్ల కదమ్మా, వచ్చేసారి చూద్దాం."

"వచ్చేసారికి దానికి రెండేళ్లు దాటిపోతాయి గవరయ్యగారూ!"

గవరయ్య ఆకాశం వైపు చూశాడు. బుల్లెమ్మ బంతి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. దాన్నేం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

సరస్సు దగ్గర హంస దొరసాని కళ్లద్దాలు సర్దుకుని పెదబాబుని ఎగాదిగా చూసింది. ఆవిడ ఏదో పొడుగ్గా అడిగింది.

"క్లూం," అన్నాడు గవరయ్య.

దొరసాని ముచ్చటపడి పెదబాబు బుగ్గ గిల్లి, ఇంకో నాలుగు కాగితాలు ముందు పెట్టింది. గవరయ్య "క్లూం, క్లూం" అంటూ నాలుగింటి మీదా పంజా ముద్ర గుద్దేశాడు.

ఇక ఆటంటారా, పెదబాబు బంతితో వస్తుంటే గోల్‌కీపర్లు గోలు వదిలేసి చెట్లెక్కేవారు. ఫైనల్లో రిఫరీ కొంగ కూడా ఎక్కింది. కప్పు వచ్చేసింది.

బహుమతుల సభలో దొరసాని మాట్లాడింది. గోరింక ఒకటి పక్కన నిలబడి అనువాదం చేసింది.

"ఉత్తమ బాల క్రీడాకారుడు పెదబాబుని మా సరస్సు దత్తత తీసుకుంటోంది. పదేళ్లు మా బడిలోనే ఉంచుకుని, పాలు పట్టి, చదువు చెప్పిస్తాం. పెద్దలు ముందే ఒప్పుకుని ముద్ర వేసినందుకు సంతోషం."

"ఒరే గవరయ్యా, ఏం రాసిచ్చావురా?" అని పెదబాబు గర్జించాడు. దొరసాని వాడి నోట్లో పాలసీసా పెట్టింది.

గవరయ్య అతని చెవిలో చెప్పాడు. "అసలు వయసు చెప్తే వదిలేస్తారు బాబూ. కానీ కప్పు తిరిగిచ్చెయ్యాలి. రాజుగార్ని అడిగొస్తాను."

అడవిలో అప్పటికే నాలుగు స్వాగత ద్వారాలు లేచాయి. సంగతి విని రాజుగారు గొంతు తగ్గించాడు.

"పదేళ్లా? కచ్చితంగా పదేళ్లేనా?"

"అవును ప్రభూ."

"ముందుగా వచ్చే మార్గమేదీ లేదు కదా?" రాజుగారి మొహం చాన్నాళ్లకి వికసించింది. "కప్పు ఇచ్చే ప్రసక్తే లేదు!"

అంతలో లోపల్నుంచి రాణిగారు ఊడిపడింది. "నా తమ్ముడు ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉంటాడా? తోడు పంపించండి!"

ఆ బడిలోకి పిల్లలకి తప్ప ప్రవేశం లేదు. రాజుగారు గవరయ్యని చూశాడు. తర్వాత ముళ్లపందిని పిలిచాడు.

"ఏడాదిన్నరే రాయమంటారా ప్రభూ?" అంది గుమాస్తా.

"ఏడాది రాయి. ఇద్దరికీ ఒకటే ఉంటే అనుమానం వస్తుంది."

మీసాలు గొరిగించుకుని గవరయ్య బయల్దేరాడు. వాగు దగ్గర బుల్లెమ్మ తనకంటే చిన్నవాళ్లకి బంతి నేర్పుతోంది. పక్కనే అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి అదే మొదలు.

అచ్చియ్యమ్మ గొరిగిన ఆ మూతిని కాసేపు చూసింది.

"దానికేముంది నాయనా, పిల్లలన్నాక తప్పులు చేస్తారు. వెళ్లి బుద్ధిగా చదువుకో," అంది.

నీతి: అబద్ధం ఓడిపోతుందని భయపడకండి, గెలుస్తుందేమోనని భయపడండి.