మార్జిన్ చదివిన మొగుడు

మన సూపరింటెండెంటుగారు బీమా ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. ఈ ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక్క ఫైలు కూడా చదవలేదు. అలాగని పని ఎగ్గొట్టే మనిషి అనుకుని ఆడిపోసుకోకండి. కింద గుమస్తా ఫైలంతా చదివి, ముఖ్యమైన పేజీల కొసలు మడిచి, మార్జిన్‌లో పెన్సిలుతో రెండు ముక్కలు గీకి, సంతకం చేయాల్సిన చోట ఇంటూ మార్కు పెట్టి పంపుతాడు. ఈయన మడత ఉన్నచోట తెరుస్తారు, పెన్సిలు రాత చదువుతారు, ఇంటూ పక్కన సంతకం పెడతారు. ఇంతవరకూ ఒక్క తప్పూ దొర్లలేదు. దొర్లినా ఆయన చదవలేదు.

ఇక ఆయన భార్య. వీధి మొదట్లో ఆవిడకి టైలరింగు షాపు ఉంది. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. టేపు తీయకుండానే మనిషి కొలత చెప్పగలదు. మొగుడి కొలత ఎప్పుడో తీసేసింది, కాకపోతే బయటికి చెప్పదు.

ఈ ఇంట్లో గొడవంతా ఒక సోఫా గురించి. హాల్లో కిటికీ పక్కన ఉంటుంది. దాని ఎడమ చేతి మీద సూపరింటెండెంటుగారి తల అచ్చు పడిపోయింది. ఆదివారం భోజనం చేసి ఆ గుంటలో తల పెడితే సాయంత్రం ఐదింటికి గాని లేచేవారు కాదు. వారమంతా ఆ మూడు గంటల కోసమే ఆఫీసుకి వెళ్ళేవారంటే అబద్ధం కాదు.

నాలుగు నెలల కిందట ఆవిడ ఇంట్లో చదువరుల సంఘం పెట్టింది. ప్రతి ఆదివారం రెండింటికి సరిగ్గా సోఫా మీదే కూర్చుంటారు. మొత్తం నలుగురు. రిటైరైన హెడ్మాస్టరమ్మ, ఆవిడని ఊరంతా బెత్తం టీచరనే అంటారు. పళ్ళ డాక్టరు, ఆయన్ని మన సూపరింటెండెంటుగారు చాటుగా పీకుడు డాక్టరంటారు. ఆవిడ తమ్ముడు, అంటే ఈయన బామ్మర్ది. నాలుగోది ఇంటావిడే. వీళ్ళంతా కలిసి ఒక పాత నవలలో పాత్రల స్వభావాన్నీ, ఇతివృత్తాన్నీ విశ్లేషిస్తారు.

ఆ నవలకి నూరేళ్ళ వయసు, ఏడువందల పేజీలు. ఒక ఓడ కెప్టెను, ఆయన భార్య, సముద్రం ఒడ్డున వాళ్ళ ఇల్లు. అంతకుమించి సూపరింటెండెంటుగారికి తెలియదు. పుస్తకానికి ఆయన పెట్టిన పేరు దిండు. వెనక గదిలో కుట్టాల్సిన బట్టల మూటల మధ్య, చేతులు లేని చొక్కాల మీద పడుకోవాల్సి వచ్చినప్పుడు నిజంగానే ఒకసారి దాన్ని తలకింద పెట్టుకున్నారు.

ఒక ఆదివారం ఆయనకి ఓపిక నశించింది. కెప్టెను భార్య రోజూ సాయంత్రం కిటికీ ఎందుకు తెరిచి ఉంచుతుందని హాల్లో గంట నుంచీ చర్చ నడుస్తోంది. రేగిన జుట్టుతో, చెంప మీద గుండీ అచ్చుతో ఆయన బయటికొచ్చారు.

"గాలి కోసం తెరిచింది. దీనికి గంట కావాలా?"

ఆవిడ పెన్సిలు చెవి మీదికి తోసుకుంది. "అంత తేలికైతే వచ్చేవారం మీరే మాట్లాడండి."

"మాట్లాడితే ఏమిస్తావు?"

"పుస్తకం చదివి, కెప్టెను గురించి అరగంట మాట్లాడి, వీళ్ళ ముగ్గురినీ మెప్పించండి. సంఘాన్ని డాక్టరుగారి క్లినిక్కుకి మార్చేస్తాం. సోఫా మీకే."

డాక్టరుగారు తన క్లినిక్కులో బోలెడు కుర్చీలున్నాయన్నారు. సూపరింటెండెంటుగారికి కళ్ళముందు ఆ గుంట కనిపించింది. సరేనన్నారు.

సోమవారం మొదటి పేజీ తెరిచారు. అందులో సముద్రం ఉంది. రెండో పంక్తిలో కూడా సముద్రమే ఉంది. మూడో పంక్తి ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు, అప్పటికే గురక మొదలైంది. మంగళవారమూ అంతే. శుక్రవారం వచ్చేసరికి ఆయనకి ఆ రెండు పంక్తులూ కంఠతా వచ్చేశాయి.

శనివారం పొద్దున్న ఆవిడ షాపుకి వెళ్తూ, ఆ పుస్తకం అలమరలో పెట్టాననీ, కొసలు మడిచిన పేజీలు ముఖ్యమైనవనీ, ఆ మడతలు మాత్రం చెడగొట్టొద్దనీ చెప్పి వెళ్ళింది. ఆయన చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆవిడ మెట్లు దిగిందో లేదో, అలమర తెరిచారు.

పుస్తకంలో ఆరు మడతలున్నాయి. ఆరుచోట్లా కెప్టెను అన్న మాట కింద గీత ఉంది. పక్కనే మార్జిన్‌లో పెన్సిలుతో రెండేసి ముక్కలు. ఆయనకి సొంత ఆఫీసులో కూర్చున్నట్టే ఉంది. గుమస్తా కంటే భార్యే నయం, దస్తూరి గుండ్రంగా ఉంది అనుకుని, కాగితం తీసుకుని చకచకా ఎక్కించుకున్నారు.

నూట నలభయ్యో పేజీ: "తడి తువ్వాలు మంచం మీద. పెళ్ళైన నాటి నుంచీ అదే మంచం, అదే మూల."

రెండువందల పన్నెండు: "వెతికే వస్తువు ఎదురుగా ఉన్నా కనబడదు. ఎవరో దాచేశారంటాడు."

మూడువందల అయిదు: "కుళాయి కారుతోందంటే చూస్తానంటాడు. చూస్తాడు. వెళ్ళిపోతాడు."

తరవాతి రెండింటిలో ఒకటి గురక గురించి, ఒకటి భార్య మాట్లాడుతుంటే వినకుండానే ఊ కొట్టడం గురించి. ఆరోది, "మధ్యాహ్నం నిద్ర తన జన్మహక్కనుకుంటాడు" అని. అక్కడ మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగారు. ఎంత దుర్మార్గుడిలోనైనా ఒక మంచి గుణం ఉంటుందనుకుని ముందుకి సాగారు.

నిజం చెప్పాలంటే ఆయనకి కెప్టెను మీద ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం భార్య ఇంటికి రాగానే, "ఆ కెప్టెను అసలు మనిషేనా?" అన్నారు.

"ఎందుకలా అంటారు, పాపం."

"నీకు తెలీదులే. నువ్వు మరీ మెతక."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఏడు నెలల నుంచీ కారుతున్న కుళాయి కింద గిన్నె నిండితే పారబోసి, మళ్ళీ పెట్టింది.

ఆదివారం రెండింటికి సూపరింటెండెంటుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాకి ఎదురుగా నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. ఈ కెప్టెనుని అర్థం చేసుకోవాలంటే ముందు అతని తువ్వాలుని అర్థం చేసుకోవాలి అని మొదలుపెట్టారు.

బెత్తం టీచరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. బామ్మర్ది అక్క వైపు చూశాడు. అక్క తలొంచుకుని చొక్కాకి గుండీ కుడుతోంది.

"మంచం అంటే సంసారం. దాని మీద తడి తువ్వాలు వేసేవాడు సంసారాన్ని నానబెట్టేవాడు" అన్నారు ఆయన. తానింత లోతుగా మాట్లాడగలనని ఆయనకే తెలియదు. ఊపొచ్చింది. వస్తువు కనబడకపోతే ఎవరో దాచారనేవాడికి లోకమంతా దొంగలే కనిపిస్తారన్నారు. అలాంటివాడి చేతికి ఓడనిచ్చిన కంపెనీని కూడా నాలుగు దులిపారు. పాపం బామ్మర్ది బూటు లేసు కట్టుకోవడానికన్నట్టు వంగాడు. అతని కాళ్ళకి అసలు బూట్లే లేవు.

ఇక కుళాయి దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించారు.

"చూస్తానంటాడు. చూస్తాడు. వెళ్ళిపోతాడు. ఆ ఇల్లాలికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి."

అందరూ ఆలోచించారు. వంటింట్లోంచి టప్పుమని ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి పడింది.

"ఆ కుళాయి నుంచి కారేది నీళ్ళు అనుకుంటున్నారా? కాదు. ఆవిడ ఓపిక" అన్నారు సూపరింటెండెంటుగారు. ఊరందరి నోళ్ళూ తెరిపించే పళ్ళ డాక్టరు, రుమాలు కుక్కి తన నోరు మూసుకోవడానికి నానా అవస్థా పడుతున్నారు. అది కన్నీళ్ళని ఆపుకోవడమేనని ఈయన అనుకున్నారు.

అరగంట అయ్యేసరికి చప్పట్లు మోగాయి. బెత్తం టీచరు లేచి, పాత్ర మనసులోకి ఇంతగా దూరి మాట్లాడినవాళ్ళని తన సర్వీసులో చూడలేదంది. తరవాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇలాంటి మనిషిని మీ చేతికిస్తే ఏం శిక్ష వేస్తారండీ?"

"ముందు ఆ కుళాయి వాడి చేతే బాగు చేయిస్తాను. ఇవాళే."

"తరవాత?"

"ఇంటికొచ్చినవాళ్ళకి ప్రతి ఆదివారం వాడే టీ పెట్టివ్వాలి. మధ్యాహ్నం నిద్ర బంద్."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయనకి కొంచెం గుండె కలుక్కుమంది, కానీ న్యాయం న్యాయమే కదా అనుకున్నారు. బెత్తం టీచరు అన్నీ సంఘం పుస్తకంలో రాసుకుంది. కింద పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టి ఆయన ముందుకి జరిపింది. ఆయన అలవాటు కొద్దీ ఇంటూ పక్కన సంతకం పెట్టేసి, సోఫాలోని గుంట వైపు ప్రేమగా చూశారు.

అప్పుడు బెత్తం టీచరు తాను రాసింది పైకి చదివింది. కెప్టెనుకి అంటగట్టిన గుణాలన్నీ తనవేనని ఈ ఇంటి యజమాని ఒప్పుకుంటున్నారనీ, తాను చెప్పిన శిక్షని తానే సంతోషంగా స్వీకరిస్తున్నారనీ, సంఘం దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించిందనీ అందులో ఉంది.

సూపరింటెండెంటుగారికి ముందు అర్థం కాలేదు. తనవి కావనీ, కెప్టెనువనీ, కావాలంటే పుస్తకం చూడమనీ అన్నారు.

"కెప్టెను పదకొండో పేజీలో మునిగిపోయాడు బావా" అన్నాడు బామ్మర్ది. "మిగతా నవలంతా వాళ్ళావిడ ఆయన కోసం కిటికీ తెరిచి పెట్టుకుని చూడటమే."

వంటింట్లో ఇంకో చుక్క పడింది. ఈసారి ఆయనకి అది బాగా వినబడింది. మెల్లిగా తల తిప్పి పడకగది వైపు చూశారు. తలుపు తెరిచే ఉంది. మంచం మూల మీద తువ్వాలు ఉంది. తడిగానే ఉంది.

ఆవిడ గుండీ దారం పంటితో తెంపి, "నేను మరీ మెతక కదండీ. నేనైతే ఆ కెప్టెనుకి అంత పెద్ద శిక్ష వేసేదాన్ని కాదు" అంది.

కుళాయి ఆ సాయంత్రమే బాగుపడింది. పావుగంట పని. పావుగంట పని కోసం ఏడు నెలలు ఎందుకు ఆగారని ఆవిడ అడగలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధగా ఉంది.

తరవాతి ఆదివారం నుంచీ ఆయన చోటు వంటింట్లో ఒక స్టూలు. అందరికీ టీ ఆయనే. మూడో ఆదివారం నీళ్ళు మరిగేలోపు ఏమీ తోచక, గట్టు మీదున్న దిండుని చేతిలోకి తీసుకున్నారు. మొదటి రెండు పంక్తులూ కంఠతా వచ్చు కాబట్టి మూడోదాంతో మొదలుపెట్టారు. చిత్రంగా నిద్ర రాలేదు. కెప్టెను చెడ్డవాడేమీ కాదు. బయల్దేరే ముందు భార్యకి దీపం బాగుచేసి ఇచ్చాడు, అడక్కుండానే. సూపరింటెండెంటుగారికి సిగ్గేసింది. తాను తిట్టిన తిట్లు గుర్తొచ్చి, చచ్చిపోయినవాడికి క్షమాపణ ఎలా చెప్పుకోవాలో తెలియలేదు.

తుఫాను వచ్చింది. పదకొండో పేజీ. ఓడ మునిగింది. పేజీ చివర, మడత లేని కొసన, గుండ్రటి పెన్సిలు రాత ఉంది.

"ఇంతవరకూ చదివారంటే పందెం మీరు గెలిచినట్టే. మడిచిన పేజీలు మాట్లాడకండి, అవి మిమ్మల్ని ఆటపట్టించడానికి రాసినవి. సోఫా మీదే. ఇంట్లో నాతో ఈ పుస్తకం గురించి మాట్లాడటానికి మీరొక్కరు ఉంటే నాకు ఈ సంఘం కూడా అక్కర్లేదు."

టీ పొంగి స్టవ్ మీద పడింది. ఆయన చూసుకోలేదు. పుస్తకం పట్టుకుని హాల్లోకి పరిగెత్తి, అందరి ముందూ ఆ పేజీ తెరిచి భార్య చేతికిచ్చారు. తన సోఫా తనకిచ్చేయమన్నారు.

ఆవిడ చదివింది. కాసేపు ఆయన మొహంకేసి చూసింది. తరవాత ఆ రాత కింద ఇంకా చిన్న అక్షరాలతో ఉన్న ముక్కని పెన్సిలు కొసతో చూపించింది. పందెం ఆదివారం రెండు గంటల వరకే, అని ఉందక్కడ.

"గడువు దాటిందండీ" అంది.

ఇరవై రెండేళ్ళుగా కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకి ఆయన చెప్తూ వచ్చిన మాట అదే. అవతలివైపు నుంచి వింటే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఆయన తలూపి, టీ మళ్ళీ పెడదామని వంటింటి వైపు రెండడుగులు వేసి, ఆగిపోయారు.

"ఏమోయ్, కెప్టెను నిజంగానే పోయాడా? ఇంకెక్కడైనా తేలతాడా?"

బెత్తం టీచరు చెప్పబోయింది. భార్య చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. సోఫాలో ఎడమవైపు, ఆ గుంట పక్కన, కొంచెం జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి. పన్నెండో పేజీ నుంచి పైకి చదవండి. పడుకోవడానికి కాదు సుమా."