ముప్పై పళ్ళూ ఓ అరపన్నూ

ఆ పొద్దున మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదికల్లా ముప్పై పళ్ళ గేరు కొయ్యాలి, సర్టిఫికెట్టు పుచ్చుకోవాలి, మర్నాటినుంచి ఫోర్‌మన్ కుర్చీలో కూర్చోవాలి. పాతికేళ్ళుగా గేరుపెట్టెలు విప్పి బిగించిన చెయ్యి ఆయనది. చక్రానికి పళ్ళు కొయ్యడం మాత్రం ఈ మూడు వారాల శిక్షణలోనే మొదలు. నేర్పేది స్వయానా అల్లుడు.

ఒక్క అనుమానం మిగిలింది. ఒక పన్ను కోశాక చక్రాన్ని జరపాలంటే, మిషన్ పక్కనున్న చిల్లుల పళ్ళెం మీద పిడిని ఒక చుట్టు తిప్పి, ఆపైన పది చిల్లులు లెక్కపెట్టి పిన్ను దించాలి. ఇప్పుడు పిన్నున్న చిల్లు ఒకటా, సున్నానా? అల్లుడు ఆ ముక్క చెప్పింది భోజనాలయ్యాక. క్లాసు క్లాసంతా కునుకు తీసిన వేళ.

"అల్లుణ్ణి అడిగితే పోలా?" అంది భార్య, క్యారేజీ చేతికిస్తూ.

"పిల్లనిచ్చిన మామని! ఒకట్లు నేర్పమని వెళ్ళి అడగనా?"

వర్క్‌షాపులో మిగతా ఏడుగురిదీ అదే అనుమానం. వాళ్ళు మేస్త్రీ చుట్టూ చేరారు.

"బాబాయ్, పిన్నున్న చిల్లు లెక్కలోకొస్తుందా?"

"రాకేం? ఇంట్లో మనుషుల్ని లెక్కపెడుతూ నిన్ను నువ్వు వదిలేస్తావా?"

అంత గట్టి మాట విన్నాక ఇంకెవరు ఆలోచిస్తారు? గొర్రెదాటుగా అందరూ పిడి తిప్పారు. ప్రతి పన్నుకీ ఒక చిల్లు తగ్గింది. చక్రం మొదటికొచ్చేసరికి ముప్పై పళ్ళూ, వాటి పక్కన బక్కచిక్కిన ఇంకో అరపన్నూ తేలాయి. ఎనిమిది గేర్లకీ అంతే.

ప్రిన్సిపాల్‌గారు వచ్చి చూసి, అల్లుడివైపు తిరిగారు.

"అందరిదీ ఒకే తప్పంటే నేర్పడంలోనే ఉంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అల్లుడు మామవైపు ఒకసారి చూసి, తన పుస్తకాలు సర్దుకోసాగాడు. మేస్త్రీకి కూతురు గుర్తొచ్చింది. పోతే కుర్చీ పోయింది, కూతురి మొహం ఎలా చూడటం?

"ఆయన సరిగ్గానే చెప్పారండీ! మళ్ళీ అడగడానికి నాకే నామోషీ. వీళ్ళకి తప్పు లెక్క చెప్పింది నేనే."

ప్రిన్సిపాల్‌గారు ఎనిమిది గేర్లూ కొలిచారు. ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"మీరు వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పారు?" అని మేస్త్రీని అడిగారు.

"ఒక్కసారే."

"మేం నెల చెప్పినా ఎక్కదండీ వీళ్ళకి! సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వను. మీ అల్లుడి దగ్గర ఆ లెక్కొకటి సరిచేసుకుని, వచ్చే బ్యాచికి మీరూ రండి."

మేస్త్రీ ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"పాసయ్యారా?"

"లేదు. పాఠాలు చెప్పమన్నారు."