తలా తోకా ఉన్న చట్టం

అమెరికా ప్రభుత్వం చేసిన చట్టాలన్నిటిలో తలా తోకా ఉన్నది ఒక్కటే. సరదాకి సముద్రంలో చేపలు పట్టేవాళ్లు, పట్టిన చేపను తలా తోకాతో సహా ఒడ్డుకు తేవాలి. నడిసముద్రంలో కోయకూడదు. దీన్ని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం దండం పెడతాను. ఎందుకంటారా?

న్యూజెర్సీలో మా ఊరు పిస్కాటవేలో దైవాశీర్వాదం అని నాకొక మిత్రుడున్నాడు. బందరువాడు, ఇంజనీరు. 1983లో ఆయన భార్య దీనమ్మ కొత్తగా ఇండియా నుంచి వచ్చింది. వేసవికల్లా వేవిళ్లు. ఏది తిన్నా ఇమడదు. "చేప తలకాయ పులుసైతే రెండు ముద్దలు తింటానేమో" అంది.

సూపర్‌మార్కెట్‌లో తలకాయ ఎక్కడిది? అక్కడ అమ్మేది ఫిల్లే. కన్ను లేదు, ముల్లు లేదు, తోలు లేదు. అది చేపో సబ్బుబిళ్లో లేబుల్ చదివి తెలుసుకోవాలి.

అందుకని ఒక శనివారం మేమిద్దరం జెర్సీ తీరానికి డ్రైవ్ చేసి, చేపల వేటకు తీసుకెళ్లే బోటు ఎక్కాం. నేను సముద్రానికి నా బ్రేక్‌ఫాస్ట్ సమర్పించుకున్నాను. దైవాశీర్వాదం గాలానికి చారల బాస్ చేప పడింది. చంటిపిల్లంత ఉంది. పట్టినచోటే చేపను బాగుచేయడం ఆయన అలవాటు. నేను రెయిలింగ్ పట్టుకుని తేరుకునేలోగా పులుసు ముక్కలు కోసేశాడు.

ఒడ్డున చేపల శాఖ ఆఫీసరు నిలబడి ఉన్నాడు. మా కూలర్ మూత తీసి, "ఇదేమిటి?" అన్నాడు.

"చేప సార్."

"ఏ చేప? ఎంత పొడవు? పొట్టివి పట్టకూడదు. తలా తోకా ఒంటికి ఉంటేనే కదా నాకు తెలిసేది."

దైవాశీర్వాదం ఇంజనీరు కదా. డాక్ మీద తలకాయ పెట్టి, దాని వెనక ముక్కలు వరసగా పేర్చి, చివర తోక తగిలించాడు. ముక్కకీ ముక్కకీ మధ్య కాస్త ఉదారంగా సందు వదిలాడు. ఆ కొలతన అది సొరచేప.

"కావాలంటే దగ్గరికి జరుపుతాను సార్" అన్నాడు.

ఆఫీసరుకు నవ్వొచ్చింది. మమ్మల్ని వార్నింగ్‌తో వదిలేశాడు. చేపను మాత్రం వదల్లేదు.

దైవాశీర్వాదం మొహం వాడిపోయింది. "దీనమ్మకి ఏం చెప్పను బ్రదర్?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు చట్టం మహిమ. బుద్ధిగా చేపల్ని తలా తోకాతో ఒడ్డుకు తెచ్చిన అమెరికన్లు, డాక్ పక్కన బల్ల మీద వాటిని కోసుకుంటున్నారు. ఫిల్లే కూలర్‌లోకి, తలకాయ చెత్తడబ్బాలోకి! ఆ చట్టమే లేకపోతే అవన్నీ సముద్రం పాలయ్యేవి కాదూ? వెళ్లి, తలకాయలు మాకిస్తారా అని అడిగాను.

"పీతలకు ఎర వేయడానికా?" అన్నాడొకాయన.

"అవును" అన్నాను. గర్భిణీ స్త్రీని పీతను చేసిన పాపం నాదే.

సాయంత్రం దీనమ్మ చింతపండు పిసికి పులుసు పెట్టింది. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. చాన్నాళ్లకు కడుపునిండా తింటోంది. దైవాశీర్వాదం ఆమెనే చూస్తూ తన కంచం సంగతి మర్చిపోయాడు.

అంతలో ఫోన్ మోగితే ఎడంచేత్తో ఆమే తీసింది. ఏదో అని పెట్టేసి వచ్చింది. "ఎవరో డేవ్ కావాలట. అలాంటివాళ్లు ఇక్కడ లేరన్నాను."

"అయ్యో, అది నాకే. ఆఫీస్ ఫ్రెండ్ అయ్యుంటాడు" అన్నాడు దైవాశీర్వాదం. "వాళ్లకి నోరు తిరగదు కదా, అలా పిలుస్తారు."

దీనమ్మ కలుపుతున్న చెయ్యి ఆగింది. "అంత పేరు కదండీ. మిగతాదేం చేశారు?"

ఆయన ఆమె కంచంలో ఇంకో గరిటె పులుసు వేశాడు. ఆమె నావైపు తిరిగింది. "మీదీ కోసేశారా అన్నయ్యగారూ?"

నా పేరు నరసింహమూర్తి. ఆఫీస్‌లో నార్మ్. చేపలకైతే ఒడ్డున ఒక ఆఫీసరుంటాడు. మేం దిగిన ఎయిర్‌పోర్టులో అలాంటివాడెవడూ నిలబడలేదు.

"పులుసు చాలా బాగుందమ్మా" అన్నాను.